రెండు పాయింట్ ఇరవై అంటే ఎంత?

(హనుమకొండలో గ్రామీణ విలేకరులు, తెలుగు ఉపాధ్యాయుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల దాకా వినిపిస్తోందా? సరే.

బోర్డు మీద ఒక అంకె రాస్తున్నాను: 2.20. ఇది భూమి లెక్క. ఎంత భూమో చెప్పండి.

"రెండెకరాల ఇరవై గుంటలు" అని ఇటునుంచి వచ్చింది. "రెండెకరాల ఇరవై సెంట్లు" అని ఆ కిటికీ దగ్గర ఎవరో అన్నారు. ఆయనది కృష్ణా వైపు అయి ఉండాలి. ఇద్దరి మాటా ఒప్పే, అదే గొడవ. మన దగ్గర పాసు పుస్తకంలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది నిఖార్సుగా రెండున్నర ఎకరాలు. ఖమ్మం దాటి విజయవాడ వైపు పోతే ఎకరానికి వంద సెంట్లు. అక్కడ అదే 2.20 అంటే రెండెకరాలు, పైన ఎకరంలో ఐదో వంతు. రెండింటి మధ్య తేడా 12 గుంటలు, అంటే 1,452 చదరపు గజాలు. హనుమకొండలో ఆ జాగాలో ఎన్ని ఇళ్లు లేస్తాయో మీకే తెలుసు.

తిరకాసంతా ఆ చుక్కలో ఉంది. దశాంశ బిందువని బడిలో నేర్చుకున్న గుర్తుకు ఒకటే అర్థం. దానికి కుడివైపున పదో వంతులు, నూరో వంతులు ఉంటాయి. మనం ఎకరాన్ని వందగా కాదు, నలభైగా పంచుకున్నాం. నలభై వంతుల లెక్కను వంద వంతుల గుర్తుతో రాస్తున్నాం. మనుషులే రాసి మనుషులే చదివినన్నాళ్లు దీనివల్ల ఫరక్ పడలేదు. ముప్పై తొమ్మిది గుంటల మీద ఇంకొక్క గుంట పడితే ఎకరం నిండుతుందని పట్వారీకీ తెలుసు, రైతుకూ తెలుసు. ఇప్పుడు కూడికలు చేసేది ఎక్సెల్ షీట్. దానికి గుంట సంగతి ఎవరూ చెప్పలేదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక రైతుకు మూడు చోట్ల భూమి ఉంది: 1.39, 1.38, 1.39. షీటులో వేసి కూడమంటే 4.16 అని చూపిస్తుంది. చూడటానికి ఏ లోపం లేదు. నాలుగెకరాల పదహారు గుంటలు అని ఎవరైనా నమ్ముతారు. కానీ చేత్తో కూడండి. మూడెకరాలు, నూట పదహారు గుంటలు. నూట పదహారులో రెండు నలభైలు పోతే ముప్పై ఆరు. మొత్తం ఐదెకరాల ముప్పై ఆరు గుంటలు. ఎకరంన్నర భూమి ఎవరూ దోచుకోకుండానే మాయమైంది. కూడిక 3.70 అని వచ్చి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేది, డెబ్బై గుంటలు ఉండవు కదా అని. 4.16 లాంటి తప్పు ఎవరి కంటా పడదు.

ఇంకొకటి. కంప్యూటర్‌కు చివరి సున్నా అంటే లెక్కలేదు. మీరు 1.10 అని కొడితే అది 1.1 చేసి పెడుతుంది. దాన్ని చూసినవాడు ఎకరం ఒక గుంట అనుకుంటాడు. ఎకరం పది గుంటలు కాస్తా ఎకరం గుంట అయిపోతుంది.

అందుకని నా పట్టు ఏమిటంటే, గుంటల లెక్కకు చుక్క వాడొద్దు. వార్తలో అయితే "2 ఎకరాల 20 గుంటలు" అని విడమర్చి రాయండి. ఓ మాట ఎక్కువైతే ఎక్కువైంది. పట్టికలో చోటు లేకపోతే పాత చేతిరాత దస్తావేజుల్లో లాగా అడ్డగీత పెట్టి 2-20 అనండి, పైన "ఎ-గుం" అని శీర్షిక ఉంచండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎకరాలకో గడి, గుంటలకో గడి పెట్టండి.

ఇది విన్నాక కొందరు "మరి గుంటలు తీసేసి హెక్టార్లలోనే రాస్తే పోలా?" అంటారు. చట్టం ప్రకారం మనది మెట్రిక్ దేశమే. 1956లో చట్టం వచ్చింది, 1958 నుంచి అమలు మొదలైంది, ఇప్పుడున్నది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం. అయినా ముప్పై గుంటల ఆసామికి "మీ విస్తీర్ణం 0.30 హెక్టారు" అని చెప్తే అతనికి ఒరిగేదేమీ లేదు. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న నేల, 121 చదరపు గజాలు. అది అతను నడిచి చూసుకున్న కొలత. అయితే ఒక తమాషా ఉంది, విలేకరులకు పనికొస్తుంది. గుంట అంటే 101 చదరపు మీటర్ల చిల్లర. హెక్టారు అంటే పది వేల చదరపు మీటర్లు. కాబట్టి వంద గుంటలు దాదాపు ఒక హెక్టారు. ముప్పై గుంటలు 0.30 హెక్టారు, రెండెకరాల ఇరవై గుంటలు ఒక హెక్టారు. ఎకరాలను 2.47తో భాగించే అవస్థ లేకుండా, గుంటల్లోకి మార్చి వందతో భాగిస్తే చాలు. నూటికి ఒకటి తేడా వస్తుంది, వార్తకు అది పర్వాలేదు. రిజిస్ట్రేషన్ కాగితానికి మాత్రం కుదరదు.

అసలు మన పెద్దలు చుక్కతో లెక్క రాసినవాళ్లు కారు. వాళ్ల లెక్కంతా నాలుగుల మీద, సగాల మీద నడిచింది. అర, పావు, పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. వడ్లు కొలిచేటప్పుడూ అంతే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము. ఆ తర్వాత మాత్రం ఇరవై తూములు పుట్టి. రూపాయికి పదహారు అణాలు. సగం చేయడానికి, మళ్లీ సగం చేయడానికి కాగితం కలం అక్కర్లేదు. కుప్పను రెండు చేసి చూసుకుంటే చాలు.

ఈ నాలుగుల లెక్కకు తెలుగు లిపిలో వేరే అంకెలే ఉన్నాయి. భిన్నాల కోసం నిలువు గీతలతో కొన్ని, అడ్డ గీతలతో కొన్ని. నాలుగో వంతులకు ఒక తీరు, పదహారో వంతులకు ఇంకో తీరు, ఆ కింద అరవై నాలుగో వంతులకు మళ్లీ మొదటి తీరు, ఇలా ఒకటి విడిచి ఒకటి. 2008లో యూనికోడ్ 5.1లో వాటికీ, తూము గుర్తుకూ కోడ్ నంబర్లు ఇచ్చారు. మీ ఫోన్లో ఫాంటు మంచిదైతే ఇప్పటికీ కనబడతాయి. వాటితో రోజువారీ రాయమని నేననను. కానీ పాత ఇంటి అటకల మీద దొరికే లెక్కల పుస్తకాలు చదవాలంటే ఈ గీతల సంగతి తెలియాలి. తెలుగు ఉపాధ్యాయులు పిల్లలకు ఒక పూట చూపిస్తే నష్టమేమీ లేదు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసలు వచ్చాయి. అణా విలువ ఆరుంబావు పైసలు అయి కూర్చుంది. దుకాణాల్లో ఎంత గందరగోళం జరిగిందో పెద్దవాళ్లను అడగండి. తమాషా ఏమిటంటే లెక్క మారింది గానీ మాట మారలేదు. పాతిక పైసల బిళ్ల 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయింది. అయినా "చారాణ కోడికి బారాణ మసాల" అనడం మనం మానలేదు, మానం కూడా. అందుకే నడిచే వాక్యంలో అర, పావు, ముప్పావు, ఒకటిన్నర, రెండుంబావు అని అక్షరాల్లో రాయడమే నాకు ఇష్టం. "1న్నర" అని అంకెకు తోక తగిలించే రాత ఈ మధ్య ఎక్కువైంది. చదువుతుంటే అక్కడ నాలుక తడబడుతుంది. దశాంశం కావాలంటే 1.5 అనండి, మాట కావాలంటే ఒకటిన్నర అనండి.

ఈ సందర్భంలోనే అంకె ఎప్పుడు, అక్షరం ఎప్పుడు అన్నది చెప్పుకోవాలి. ఇంగ్లిష్ పత్రికల వాళ్లకు తొమ్మిది దాకా అక్షరాలు, పది నుంచి అంకెలు అని ఒక పద్ధతి ఉంది. దాన్ని మనవాళ్లు కొందరు యథాతథంగా దించారు. అది తెలుగుకు అతకదు. మనకు మనుషులను లెక్కపెట్టే తీరే వేరు. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అంటాం. ఎనిమిది నుంచి మంది వస్తుంది. "5గురు మృతి", "7గురికి గాయాలు" అని రాస్తే అంకె ఒక భాష, తోక ఒక భాష అయిపోతుంది. అక్కడ ఎన్నయినా సరే అక్షరాలే రాయాలి. ఎనిమిది మంది దాటాక అంకెలు వేసుకోండి, అభ్యంతరం లేదు.

మనకున్న ఇంకో సొగసు ఉజ్జాయింపు. ఐదారు, ఏడెనిమిది, పది పన్నెండు, పదీ పదిహేను. ఇవి లెక్కలు కావు, అంచనాలు. "పది పన్నెండు మంది వచ్చారు" అన్నవాడు లెక్కపెట్టలేదని వినేవాడికి తెలుస్తుంది. దాన్ని "10-12 మంది" అని మారిస్తే అధికారిక లెక్కలాగా కనిపిస్తుంది. చెప్పినవాడు ఇవ్వని కచ్చితత్వాన్ని మనం కలిపినట్టు అవుతుంది. "రెండు మూడు వేలు" కూడా అంతే. 2-3 వేలు అని రాస్తే అది రెండు నుంచి మూడు వేలనే కచ్చితమైన లెక్కా, రెండు మూడు వేలనే అంచనానా అని పాఠకుడు ఆగిపోతాడు.

డబ్బు దగ్గరికి వద్దాం. "రూ.500/-లు" అని గోడల మీద, కరపత్రాల మీద, ఆఖరికి సర్కారు నోటీసుల్లోనూ కనబడుతుంది. రూ. అంటేనే రూపాయలు. ఆ గీతలు పైసలేమీ లేవని చెప్పడానికి. మళ్లీ లు దేనికి? రూ.500 చాలు, లేదా 500 రూపాయలు చాలు.

ప్రామిసరీ నోటులో, చెక్కులో అంకెలు వేసి "అక్షరాలా" అని మళ్లీ రాస్తాం. అది వట్టి మర్యాద కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెకూ అక్షరానికీ తేడా వస్తే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుంది. 50,000కు పక్కన ఒక సున్నా చేర్చడం చిటికెలో పని. "యాభై వేలు"ను "ఐదు లక్షలు" చేయడం అంత తేలిక కాదు. ఒకే విషయాన్ని రెండు దారుల్లో రాసిపెట్టడం మనకు కొత్తేమీ కాదు. ఇక్కడికి కూతవేటు దూరంలో వేయిస్తంభాల గుడి శాసనం ఉంది. అందులో తేదీ శక వర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ మాసం అని ఉంది. శక సంఖ్యను ఎవరైనా తప్పు చదివినా, చిత్రభాను అరవై ఏళ్లకు ఒకసారే వస్తుంది కాబట్టి తప్పు పట్టుబడుతుంది. శకానికి 78 కలిపితే 1162. మాఘం కొత్త ఇంగ్లిష్ ఏడాదిలో పడింది కాబట్టి 1163 జనవరి. నిజాం కాలం కాగితాల్లో ఫసలీ సంవత్సరం కనబడితే 590 కలపండి. 1350 ఫసలీ అంటే 1940-41. దస్తావేజు గురించి రాసేటప్పుడు అసలు కాగితంలో ఉన్న సంవత్సరాన్ని కూడా ఉంచండి. మీరు మార్చిన సంవత్సరం ఒక్కటే రాస్తే, మార్చడంలో తప్పు జరిగినా ఎవరూ పట్టుకోలేరు.

వడ్డీ సంగతి. ఊళ్లో "రెండు రూపాయల వడ్డీ" అంటే నెలకు నూటికి రెండు. ఏడాదికి 24 శాతం. బ్యాంకు బోర్డు మీద 12 శాతం అని ఉంటే అది ఏడాదికి, అంటే రూపాయి వడ్డీ. అప్పుల పాలైన రైతు గురించి రాస్తూ "2 శాతం వడ్డీకి తెచ్చాడు" అని వేస్తే, పట్నంలో చదివినవాడు ఇంత చౌకగా ఎవరిచ్చారబ్బా అనుకుంటాడు. నెలకా, ఏడాదికా అన్నది లేని శాతం శాతమే కాదు.

బంగారం కూడా ఇంతే. పాత తులం 11.66 గ్రాములు. ఇవాళ కొట్టులో తులం అంటే 10 గ్రాములు. అత్తగారి కాలంలో చేయించిన పది తులాల నగ అంటే 116.6 గ్రాములు, నేటి తులాల్లో పదకొండున్నర దాటుతుంది. పంపకాల్లో తులాలని మాట్లాడుకుని ఒకరి తులం ఒకటి, ఇంకొకరి తులం ఇంకొకటి అయితే అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు పోతాయి. తులం అని రాయండి, కానీ మొదటిసారి రాసినప్పుడు పక్కన గ్రాములు వేయండి.

పెద్ద సంఖ్యల దగ్గర మన పత్రికలు ఎక్కువగా తడబడేది మిలియన్ల వల్ల. ప్రకటన ఇంగ్లిష్‌లో వస్తుంది, గడువు దగ్గర పడుతుంది, టెన్షన్‌లో సున్నాలు జారుతాయి. గుర్తుంచుకోవాల్సింది మూడే. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. సింగరేణి ఏడాదికి దాదాపు 70 మిలియన్ టన్నుల బొగ్గు తీస్తుంది అంటే 7 కోట్ల టన్నులు. తెలుగు పాఠకుడికి 7 కోట్లే రాయాలి. 70 మిలియన్లు అని వదిలేస్తే, డెబ్బై అన్న మాట ఒక్కటే అతని చెవిలో మిగులుతుంది. కామాలు కూడా మన పద్ధతిలోనే పెట్టాలి: 12,34,567. అంతర్జాతీయ కొలతల వాళ్లయితే కామాలే వద్దు, మూడేసి అంకెల మధ్య చిన్న ఖాళీ చాలంటారు. కారణం, ఐరోపాలో చాలా దేశాల్లో కామాయే దశాంశ బిందువు. పరిశోధన పత్రాలకు అది సబబు. మన పేపరుకు వద్దు. లక్షలూ కోట్లూ చదివే కంటికి రెండేసి అంకెల తర్వాత కామా లేకపోతే దారి తప్పుతుంది.

ఇక టీఎంసీ. ఈ మాట రాయని రోజు మన పేజీల్లో ఉండదు. వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో సుమారు 2,830 కోట్లు. లోయర్ మానేరు డ్యాం నిండితే 24 టీఎంసీలు. టీఎంసీ నిల్వకు కొలత. క్యూసెక్కు ప్రవాహానికి కొలత, సెకనుకు ఒక ఘనపుటడుగు. "సెకనుకు ఐదు వేల క్యూసెక్కులు" అని రాస్తుంటారు. క్యూసెక్కులోనే సెకను ఉంది, మళ్లీ ఎందుకు? "డ్యాంలో ఐదు వేల క్యూసెక్కుల నీరు నిల్వ ఉంది" అన్నది ఇంకా పెద్ద తప్పు. ఈ రెండింటినీ కలిపే సంఖ్య ఒకటి నోట్‌బుక్ అట్ట మీద రాసుకోండి: 11,574. అన్ని క్యూసెక్కులు ఒక రోజంతా, ఇరవై నాలుగు గంటలూ వస్తే ఒక టీఎంసీ. అంటే సుమారు 5,800 క్యూసెక్కులు వస్తుంటే టీఎంసీకి రెండు రోజులు పడుతుంది. ఇది తెలిస్తే డ్యాం ఎన్నాళ్లకు నిండుతుందో మీరే వేసుకోవచ్చు, ఇంజినీరు ఫోన్ ఎత్తేదాకా ఆగక్కర్లేదు.

నీటిమట్టాలకు అడుగులే వాడుకలో ఉన్నాయి, అందులో రెండు రకాలున్నాయి. శ్రీరాంసాగర్ పూర్తి మట్టం 1,091 అడుగులు, లోయర్ మానేరు 920 అడుగులు. ఇవి సముద్ర మట్టం నుంచి కొలిచినవి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అవి నది దగ్గర పెట్టిన కొలబద్ద మీద చదివినవి. శ్రీరాంసాగర్ 1,091 అడుగుల లోతు ఉంటుందనుకునే చదువరులు ఉన్నారు. "సముద్ర మట్టానికి" అన్న ఒక్క మాట చేరిస్తే వాళ్ల అనుమానం తీరుతుంది.

వాన లెక్కలో మిల్లీమీటరు చాలా చక్కని కొలత, దాన్ని మనం సరిగా వాడుకోవడం లేదు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. కొన్ని పేపర్లు 64.98 సెంటీమీటర్లు అని రాశాయి, అదీ ఒప్పే. ఒకే పేజీలో ఒక వార్తకు మిల్లీమీటర్లు, పక్క వార్తకు సెంటీమీటర్లు ఉంటేనే చిక్కు, పాఠకుడు రెండు ఊళ్లను పోల్చుకోలేడు. ఇప్పుడు ఆ వానను గుంట మీదికి దింపండి. గుంటకు 65 వేల 700 లీటర్లకు పైనే. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదమూడు తెచ్చి ఒక్క గుంటలో వదిలినంత. ఇలా రాస్తే ఆ రోజు పక్క భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి ఊరి దాకా ఎందుకు మునిగిందో చదివేవాడికి అర్థమవుతుంది.

పత్తి ధరలు రాసేవాళ్లకు ఒక మాట. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రైతు అమ్మేది గింజతో ఉన్న పత్తి, ధర క్వింటాలుకు. జిన్నింగ్ మిల్లు వాళ్లు మాట్లాడేది దూది ధర, ఖండికి. ఖండి అంటే 356 కిలోలు. బేలు అంటే 170 కిలోలు. క్వింటాలు పత్తి ఆడిస్తే దాదాపు మూడో వంతే దూది వస్తుంది, మిగతాది గింజ. ఖండి ధరను 3.56తో భాగించి, రైతుకు వచ్చిన క్వింటాలు ధర పక్కన పెట్టి "ఇంత దోపిడీ" అని శీర్షిక పెడితే, దోపిడీ ఉన్నా లేకపోయినా లెక్క మాత్రం తప్పు. రైతు పక్షాన రాసే వార్తలో లెక్క తప్పితే మిల్లు వాళ్లకు మనమే అవకాశం ఇచ్చినట్టు.

ఇప్పటిదాకా చెప్పినవి డబ్బుకో భూమికో సంబంధించినవి. మందుల దగ్గర ఇదే చుక్క ప్రాణం మీదికి తెస్తుంది. చీటీ మీద 5.0 మిల్లీగ్రాములు అని రాస్తే, చుక్క సరిగా పడకపోతే అది 50. కాబట్టి నిండు సంఖ్య తర్వాత చుక్క, సున్నా రాయకూడదు. అరకు .5 అని రాస్తే చుక్క చెరిగి 5 అవుతుంది. కాబట్టి 0.5 అని ముందు సున్నా తప్పనిసరి. గమనించారా, ఒక చోట సున్నా వద్దు, ఇంకో చోట సున్నా ఉండి తీరాలి. భూమి పట్టికలో 1.10 చివరి సున్నా పోతే ప్రమాదమన్నాను, మందు చీటీలో చివరి సున్నా ఉంటే ప్రమాదమంటున్నాను. చదివేవాడు ఎవరు, చదివి ఏం చేస్తాడు అన్నదాన్ని బట్టి రాత మారుతుంది. అన్నిటికీ ఒకే రూలు అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

ఇన్సులిన్ గురించి ఆరోగ్య పేజీలో రాసేవాళ్లు కచ్చితంగా తెలుసుకోవాలి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉన్నది. పెన్నుల్లో వచ్చేది 100 యూనిట్లది. సిరంజీలు కూడా రెండు రకాలు, 40దానికి ఎర్ర మూత, 100దానికి నారింజ మూత. వంద యూనిట్ల మందును నలభై సిరంజీలో పది గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది పది కాదు, ఇరవై ఐదు. అటుదిటైతే నాలుగే పోతుంది. "పది యూనిట్లు వేసుకోవాలి" అని వ్యాసంలో రాసి ఊరుకుంటే సగం రాసినట్టే. ఏ సీసాకు ఆ సిరంజీ అని రెండో సగం కూడా రాయాలి.

జ్వరం ఫారెన్‌హీట్‌లో, ఎండ సెల్సియస్‌లో చెప్పుకునే జనం మనం. "బిడ్డకు నూటరెండు జ్వరం" అంటే కంగారు పడతాం, రామగుండంలో 45 అంటే చెమట పడుతుంది. దీన్ని మార్చాలని నాకేమీ తొందర లేదు. ఎవరూ పొరబడటం లేదు. డిగ్రీలు అని వదిలేయకుండా ఏ డిగ్రీలో రాస్తే చాలు. 102 ఫారెన్‌హీట్ అంటే దాదాపు 38.9 సెల్సియస్.

గుర్తుల సంగతి గబగబా చెప్పి ముందుకు పోతాను. ఇంగ్లిష్ గుర్తుల్లో కిలోకు చిన్న కె, గ్రాముకు ఒక్క చిన్న జి. జి పక్కన ఎమ్ చేర్చడం, కిలోమీటరు గుర్తుకు చివర ఎస్ తగిలించడం రెండూ తప్పే. గుర్తుకు బహువచనం ఉండదు, చుక్కా ఉండదు. అంకెకూ గుర్తుకూ మధ్య ఖాళీ ఉండాలి. చిన్న ఎమ్ మిల్లీ, పెద్ద ఎమ్ మెగా. చెల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీపీ) 1,100 మెగావాట్లను చిన్న ఎమ్‌తో రాస్తే అది గడియారం ముల్లు తిప్పడానికి సరిపోతుందేమో. తెలుగులో కి.మీ., సెం.మీ., మి.లీ. అని చుక్కలు పెట్టడం అలవాటు. అవి గుర్తులు కావు, మన కుదింపులు. కాబట్టి చుక్కలు ఉండనివ్వండి. ఒక పేజీలో కేజీ, కిలో, కి.గ్రా. మూడూ ఉండకుండా చూసుకోండి. నా ఓటు కిలోకు.

తెలుగు అంకెలు ఎందుకు వాడటం లేదని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. రాజ్యాంగం 343వ అధికరణం కేంద్రం అధికారిక పనులకు భారతీయ అంకెల అంతర్జాతీయ రూపాన్ని ఖాయం చేసింది. తూనికల చట్టం కూడా దాన్నే చెప్తుంది. మనం ఇంగ్లిష్ అంకెలనుకునేవి పుట్టుకతో మనవే. పుస్తకం ముందుమాట పేజీలకు, పెళ్లిపత్రికకు తెలుగు అంకెలు వేస్తే ముచ్చటగా ఉంటుంది. ధరలకు, మందులకు, ఫోన్ నంబర్లకు వేయొద్దు. ౨, ౩ ఎదురెదురుగా పెడితే తడుముకోకుండా చదివేవాళ్లు ఈ హాల్లోనే ఎంతమందో చేతులెత్తి చూడండి. ఫరవాలేదు, దించండి.

చివరిది, తేదీ, గంట. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికాలో ఉన్న మన పిల్లలకు మే 6. నెలను అక్షరాల్లో రాస్తే ఈ తంటా ఉండదు. కాజీపేట జంక్షన్లో అర్ధరాత్రి దాటాక ఎక్కే బళ్లతో ఇంకో తంటా. టికెట్ మీద 15వ తేదీ, 00:20 అని ఉంటుంది. 15వ తేదీ రాత్రి భోంచేసి స్టేషన్‌కు పోయేసరికి బండి వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అయి ఉంటుంది. అది 14వ తేదీ రాత్రి ఎక్కాల్సిన బండి. రైల్వే వాళ్ల ఇరవై నాలుగు గంటల లెక్కలో తప్పేమీ లేదు. మన బుర్రలో మాత్రం తెల్లారితే గానీ తేదీ మారదు. ప్రమాదాల వార్తలోనూ ఇదే ఇబ్బంది. "శుక్రవారం అర్ధరాత్రి" అని రాస్తే అది గురువారం పోయి వచ్చిన రాత్రా, శుక్రవారం పోయాక వచ్చే రాత్రా? పోలీసు కాగితంలో ఒకటి, పేపర్లో ఒకటి పడితే రేపు కోర్టులో వకీలు అదే పట్టుకుంటాడు. మన ఊళ్లలో దీనికి ఎప్పటి నుంచో ఒక మాట ఉంది: "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం". కాస్త పొడుగే. అదే రాయండి, పక్కన గంట 12.20 అని వేయండి.

ఇక మీరు అడగండి.